ట్రిగ్గర్ లేని తుపాకీ

ఆషాఢ మాసంలో బస్తర్‌లోని జగదల్‌పుర్ వీధుల్లో తుపాకీ పట్టని చేయి అరుదు. జగన్నాథుడి రథం కదిలే గోంచా పండుగ రోజులవి. బడి పిల్లలు, కొత్తగా పెళ్లయిన జంటలు, తలపాగా చుట్టిన పెద్దవాళ్లు అందరి చేతుల్లోనూ రంగు కాగితాలు చుట్టిన తుపాకులే. ఎవరూ దాచుకోరు. రథానికి వందనంగా పేలుస్తారు, ఎదురుపడిన స్నేహితుడి వీపు మీదా పేలుస్తారు. బందోబస్తుకు వచ్చిన పోలీసులు చూస్తూనే ఉంటారు.

ఆ ఊరు మనకు మరీ దూరమేమీ కాదు. భద్రాచలంలో 30వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే చింతూరు, కొంటా, సుక్మా దాటి నేరుగా అక్కడికే చేరుస్తుంది. బంధుత్వం ఇంకా పాతది. ఓరుగల్లు పతనమయ్యాక కాకతీయ ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి వెళ్లి బస్తర్‌లో రాజ్యం నిలబెట్టాడని ఆ రాజవంశం చెప్పుకుంటుంది. అదే వంశానికి చెందిన పురుషోత్తమదేవుడు పూరీ యాత్ర చేసి, ‘రథపతి’ బిరుదుతో తిరిగివచ్చి, బస్తర్‌లో రథయాత్ర మొదలుపెట్టాడని ప్రతీతి. పూరీలో ఉన్నది రథమే. దానికి తుపాకీ వందనం జోడించింది బస్తర్ అడవి.

ఆ తుపాకీ పేరు తుప్కీ. ఇదే రహదారి మీద, ఇదే అడవి అంచున, లైసెన్సు లేని నాటు తుపాకీతో కనబడితే నేరుగా పోలీసు స్టేషనుకే తీసుకెళతారు. ఒకటి పండుగ, మరొకటి నేరం. ఎందుకంత తేడా? సమాధానం చట్టం పుస్తకంలో సగమే ఉంది. మిగతా సగం గొట్టం లోపల ఉంది.

తుప్కీలో ఉండేవి మూడే వస్తువులు. రెండు వైపులా తెరిచి ఉన్న సన్నని వెదురు బొంగు, అందులో సరిగ్గా దూరే తోపుడు పుల్ల, ఆ పుల్లను బిగించిన పిడి. స్ప్రింగు లేదు, మందు లేదు, ట్రిగ్గర్ లేదు. తూటా కూడా అడవి ఇచ్చిందే. బస్తర్‌లో పెంగ్ అని పిలిచే బఠాణీ గింజంత గుండ్రటి పచ్చికాయ అది. మాల్కంగని అనే తీగకు గుత్తులుగా కాస్తుంది. ఆయుర్వేదంలో దాన్నే జ్యోతిష్మతి అంటారు. కీళ్ల నొప్పులకు దాని గింజల నూనె రాసుకునేవాళ్లు తెలుగునాట కూడా ఉన్నారు.

ఒక్క కాయతో తుప్కీ పేలదు. రెండు కావాలి. ఈ యంత్రం తెలివంతా ఆ రెండో కాయలోనే ఉంది.

మొదటి కాయను వెనక నుంచి పుల్లతో గొట్టం మూతి దాకా తోస్తారు. అది అక్కడ బిరడాలా బిగుసుకుని ఆగుతుంది. రెండో కాయను వెనక పెట్టి మళ్లీ పుల్లతో తోస్తారు. ఇప్పుడు రెండు కాయల మధ్య కొంత గాలి చిక్కుకుంది. పుల్ల ముందుకు కదిలే కొద్దీ ఆ గాలికి చోటు తగ్గుతుంది, పీడనం పెరుగుతుంది. సైకిల్ పంపు మూతిని బొటనవేలితో మూసి కొడితే వేలిని తన్నేది ఇదే పీడనం. మూతి దగ్గరి కాయ గోడలను పట్టుకుని కొంతసేపు ఓర్చుకుంటుంది. ఆ ఓర్పు హద్దు దాటిన క్షణంలో ‘ఠప్’మని ఎగిరిపోతుంది.

ట్రిగ్గర్ పని చేస్తున్నది ఘర్షణే. కదలకుండా ఉన్న వస్తువును కదిలించడానికి కావాల్సిన బలం, కదులుతున్న వస్తువును కదులుతూ ఉంచడానికి కావాల్సిన బలం కంటే ఎక్కువ. కాబట్టి కాయ గోడను వదలడం మొదలుపెట్టగానే దాన్ని ఆపే బలం ఒక్కసారిగా పడిపోతుంది. వెనక ఉన్న పీడనం మాత్రం ఇంకా దాదాపు అంతే ఉంటుంది. కాయ మెల్లగా జారకుండా విసిరేసినట్టు పోవడానికి కారణం ఈ తేడాయే. కాయ బయటపడగానే బిగబట్టిన గాలి ఒక్కపెట్టున విచ్చుకుంటుంది. చెవికి వినబడే పేలుడు అదే.

ఇక పుల్ల పొడవు. దాన్ని గొట్టం కంటే కాస్త పొట్టిగా కోస్తారు. అందువల్ల పిడి గొట్టానికి తగిలి ఆగేసరికి రెండో కాయ బయటకు పోకుండా సరిగ్గా మూతి లోపలే నిలిచిపోతుంది. ఇప్పుడు అదే మొదటి కాయ. పుల్ల వెనక్కి లాగి ఇంకో కాయ పెడితే చాలు. ఇందాక గాలిని నొక్కిన పిస్టనే ఇప్పుడు తూటా అయింది. ఒక వస్తువు ఒక పేలుడులో పిస్టన్‌గా, తర్వాతి పేలుడులో తూటాగా పనిచేసే ఏర్పాటు ఇంత సులువుగా మరో ఆయుధంలో దొరకడం కష్టం.

పచ్చికాయే ఎందుకంటే, అది నలుగుతుంది. వెదురు లోపలి గోడ కచ్చితమైన వృత్తం కాదు. గట్టి గోళీ పెడితే పక్కల సందుల్లోంచి గాలి జారిపోతుంది. పచ్చికాయ నలిగి ఆ సందుల్ని కప్పేస్తుంది, పైగా దాని రసం గోడకు తడి పూస్తుంది. యంత్రాల్లో రబ్బరు వాషర్లు చేసే పనిని ఇక్కడ తూటాయే చేసుకుంటోంది.

లెక్క వేసి చూడదగ్గ యంత్రమిది. గొట్టం లోపలి వ్యాసం 1 సెంటీమీటరు, కాయల మధ్య గాలి పొడవు 20 సెంటీమీటర్లు అనుకుందాం. దాన్ని 10 సెంటీమీటర్లకు నొక్కాం. నెమ్మదిగా నొక్కితే, 1662లో రాబర్ట్ బాయిల్ ప్రకటించిన సూత్రం ప్రకారం పీడనం రెట్టింపవుతుంది. కానీ తుప్కీని ఎవరూ నెమ్మదిగా నొక్కరు. చటుక్కున నొక్కినప్పుడు పుట్టిన వేడి బయటకు పోయే వ్యవధి ఉండదు కాబట్టి పీడనం సుమారు 2.6 రెట్లకు చేరుతుంది. అప్పుడు మూతి దగ్గరి కాయ మీద పడే బలం 1.3 కిలోల బరువు మోపినంత. ఇదే సూత్రాన్ని ఇంకా గట్టిగా వాడి, గొట్టంలో గాలిని ఒక్క దెబ్బతో నొక్కి, ఆ వేడితో దూది లాంటి పీచు అంటించే అగ్గి పిస్టన్లు ఆగ్నేయాసియా అడవుల్లో ఉండేవి. డీజిల్ ఇంజనులో ఇంధనం మండేదీ ఇలా నొక్కుడుతో పుట్టిన వేడికే.

మన తుప్కీని అంతవరకు నొక్కడానికి చెయ్యి ఖర్చు పెట్టే శక్తి దాదాపు అర జౌల్. ఈ సంఖ్యను గుర్తు పెట్టుకోవాలి. చట్టం మాట్లాడేదీ జౌళ్లలోనే.

1959 ఆయుధాల చట్టం తుపాకీని చాలా విశాలంగా నిర్వచించింది. పేలుడు పదార్థంతో గానీ, మరే ఇతర శక్తితో గానీ ఏదైనా వస్తువును దూరంగా విసరడానికి తయారైనది ఏదైనా తుపాకీయే. ‘మరే ఇతర శక్తి’ అంటే గాలి కూడా వస్తుంది. ఆ వాక్యం ఒక్కటే చదివితే గోంచాలో తిరిగే జనమంతా లైసెన్సు లేకుండా తుపాకులు మోస్తున్నట్టే. కానీ ఆయుధం అంటే ఏమిటో చెప్పే నిర్వచనంలోనే ఒక మినహాయింపు ఉంది. ఆటవస్తువుగా తప్ప మరోలా వాడలేనివీ, పనికొచ్చే ఆయుధంగా మార్చలేనివీ ఆయుధాలు కావు. మామూలు చేతికర్ర, లాఠీ ప్రస్తావన వచ్చేదీ ఆ వాక్యంలోనే.

2016 ఆయుధాల నిబంధనలు ఎయిర్‌గన్లకు మరింత స్పష్టంగా కొలత పెట్టాయి. మూతి దగ్గర శక్తి 20 జౌళ్లు దాటినా, గొట్టం లోపలి వ్యాసం 0.177 అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్లు దాటినా లైసెన్సు కావాలి. తుప్కీని ఈ కొలతకు పెడితే ఆసక్తికరమైన ఫలితం వస్తుంది. శక్తిలో అది హద్దుకు నలభయ్యో వంతు దగ్గరే ఆగిపోతుంది. వ్యాసంలో మాత్రం బఠాణీ గింజంత కాయ పట్టాలి కాబట్టి హద్దు దాటేస్తుంది. దాన్ని కాపాడుతున్నది కొలత కాదు, ఆటవస్తువు అన్న మినహాయింపే.

మార్చలేనిదన్న షరతుకు వెదురు ఎలా నిలబడుతుంది? ఇక్కడ చరిత్ర కాస్త అడ్డం తిరుగుతుంది. లోకంలో తుపాకీ గొట్టం మొదట వెదురుదే. చైనాలో 1132లో డెయాన్ నగర ముట్టడిలో నిప్పులు చిమ్మే మందు బొంగులు వాడారు. 1259 నాటికి వెదురు గొట్టం నుంచి గుళ్లను ఎగరగొట్టే ఆయుధం వచ్చింది. కానీ మందు ఘాటు పెరిగే కొద్దీ వెదురు ఓడిపోయింది. దాని నార పొడవునా సాగుతుంది, అడ్డంగా పట్టి ఉంచేది తక్కువ. లోపలి ఒత్తిడి పెరిగితే నిలువునా చీలుతుంది. అందుకే ఆ శతాబ్దం ముగియకముందే గొట్టాలు కంచుకు మారాయి. ఈ రోజు తుప్కీలో మందు కూరితే ముందు ప్రమాదం పట్టుకున్న చేతికే.

అలా మందు లోహంతో వెళ్లిపోయింది, వెదురు గాలితో ఉండిపోయింది. ఈ రెండింటి పోటీలో గాలి ఒకసారి గెలుపు అంచుదాకా వెళ్లింది. 1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం గిరాందోని అనే వ్యక్తి తయారుచేసిన ఎయిర్ రైఫిల్‌ను తీసుకుంది. ఒకసారి గుళ్లు నింపితే ఇరవై సార్లు వరుసగా పేల్చవచ్చు. పొగ రాదు, వానకు తడిసి మొండికెయ్యదు. మామూలు సైనికుడు ప్రతి గుండుకూ మందు కూరుకుంటున్న కాలంలో అదొక అద్భుతం. లూయిస్, క్లార్క్ అమెరికా ఖండాన్ని దాటిన యాత్రలో ఒక ఎయిర్ రైఫిల్‌ను వెంట తీసుకెళ్లి, దారిలో స్థానిక తెగల ముందు పేల్చి చూపించారు. దాని బలహీనత గాలి తిత్తిలోనే ఉంది. ఒక్కసారి నింపడానికి పంపును పదిహేను వందల సార్లు కొట్టాలి. తిత్తి కారితే అది ఉత్త కర్ర. తుప్కీకి ఆ కష్టం లేదు. గాలిని దాచుకోదు, ప్రతి పేలుడుకూ అప్పటికప్పుడు నొక్కుకుంటుంది. ఆషాఢపు వాన దానికి అడ్డే కాదు.

తెలుగునాట కథ మందుదే. మూతి నుంచి మందు, గుండు కూరే నాటు తుపాకీ ఈ అడవి అంచు పల్లెలకు కొత్త కాదు. బ్రిటిష్ ప్రభుత్వం 1878లో ఆయుధాల చట్టం తెచ్చి లైసెన్సు తప్పనిసరి చేసింది.  1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరుసగా పడింది తుపాకుల కోసమే. ఇప్పుడు లైసెన్సు ఉన్నవాళ్లు కూడా బహిరంగంగా ఊపుకుంటూ తిరగడానికి వీల్లేదు. 2016 నిబంధనల ప్రకారం పిస్తోలును ఒరలోనూ, పొడవు తుపాకీని తొడుగులోనూ పెట్టుకునే తీసుకెళ్లాలి. ఎన్నికలొస్తే స్టేషన్లో అప్పగించమని అధికారులు ఆదేశించవచ్చు.

పాల్వంచ పక్కన కిన్నెరసాని అభయారణ్యంలోకి అడుగుపెడితే కొలత మళ్లీ మారుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఆయుధం అంటే తుపాకీ ఒక్కటే కాదు. విల్లు, బాణం, వల, ఉచ్చు, జంతువును గాయపరచగల ఏ పరికరమైనా ఆయుధమే. అనుమతి లేకుండా వాటితో అభయారణ్యంలోకి వెళ్లకూడదు. అక్కడ ఇది బొమ్మ అని చెబితే సరిపోదు, జంతువుకు దెబ్బ తగులుతుందా అన్నదే ప్రశ్న.

ఈ మధ్య వచ్చిన కార్బైడ్ గొట్టం ఈ గీతలన్నిటినీ తికమక పెట్టింది. చేలమీద పడే కోతుల్ని బెదరగొట్టడానికి వాడే ప్లాస్టిక్ గొట్టం అది. కార్బైడ్‌కు నీరు తగిలితే పుట్టే ఎసిటిలిన్ వాయువు మండి పేలుతుంది. అందులోంచి తూటా ఏదీ బయటకు రాదు కాబట్టి తుపాకీ నిర్వచనంలో నేరుగా ఇమడదు. అయినా 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో అది బొమ్మగా అమ్ముడై, వందమందికి పైగా కళ్లను గాయపరిచింది. వాళ్లలో ఎక్కువమంది పిల్లలే. చాలామంది పేలలేదేమోనని గొట్టంలోకి తొంగిచూసినవాళ్లు. ఆసుపత్రులు నిండాయి. తూటా లేనిదల్లా బొమ్మ కాదని, పేలే వాయువుకు పిల్లల చేతుల్లో చోటు లేదని ఆ కళ్లు చెబుతున్నాయి.

తుప్కీ కాయ కూడా కంటికి తగిలితే ప్రమాదమే, ముఖానికి గురిపెట్టకూడదు. ఆ జాగ్రత్తతో దాని శక్తిని ఏ బడిలోనైనా కొలవవచ్చు. తుప్కీని 80 సెంటీమీటర్ల ఎత్తున్న బల్ల అంచున నేలకు సమాంతరంగా పెట్టి, మనుషులు లేని వైపు పేల్చాలి. అంత ఎత్తు నుంచి కాయ నేల తాకడానికి 0.4 సెకను పడుతుంది. అది పడిన దూరాన్ని 0.4తో భాగిస్తే వేగం వస్తుంది. 6 మీటర్ల దూరంలో పడితే వేగం సెకనుకు 15 మీటర్లు. కాయ బరువు 1 గ్రాము అయితే శక్తి 0.11 జౌల్. చెయ్యి పెట్టిన అర జౌల్‌లో మిగిలింది ఘర్షణకూ, వేడికీ, చప్పుడుకూ పోయిందన్నమాట. ఎండిన కాయతో ఒకసారి, పచ్చికాయతో ఒకసారి, పొడవు గొట్టంతో ఇంకోసారి కొలిచి పట్టిక రాస్తే, ఏ మార్పు ఎన్ని జౌళ్లు కలుపుతుందో, 20 జౌళ్ల హద్దుకు ఎంత దూరంలో ఉన్నామో టేపు, తక్కెడతోనే తేలిపోతుంది.