పని పెరిగిందా? పనితనం పెరిగిందా?



ఉత్పాదకత అనగానే మనకి పెద్ద ఫ్యాక్టరీలూ, పొగగొట్టాలూ గుర్తుకొస్తాయి. కానీ ఇంట్లో ఒక్కరో ఇద్దరో కూర్చుని చేసుకునే పనికి కూడా ఆ మాట వర్తిస్తుంది. పెట్టిన శ్రమకీ, పట్టిన సమయానికీ ఎంత విలువైన వస్తువు చేతికొచ్చింది అన్నదే ఉత్పాదకత. ఇందులో "విలువైన" అన్న మాట వదిలేసి "ఎన్ని" అని మాత్రం లెక్కపెడతాం. గంటకెన్ని అప్పడాలు, రోజుకెన్ని జాకెట్లు! చిక్కంతా అక్కడే వస్తుంది.

ఈజిప్టు దేశంలో, నైలునది సముద్రంలో కలిసే ప్రాంతంలో, ఫువా అనే ఊరుంది. తివాచీల నేతకి పేరున్న ఊరు. అక్కడ చాలా "కంపెనీ"లంటే ఒక మగ్గం, దాని ముందు ఒక మనిషి. యజమానీ ఆయనే, కూలీ ఆయనే. ఇలాంటి వాళ్ళ సరుకు పైదేశాలకి వెళితే ఏమవుతుందో చూడాలని ముగ్గురు ఆర్థిక శాస్త్రవేత్తలు, డేవిడ్ ఆట్కిన్, అమిత్ ఖండేల్వాల్, ఆడమ్ ఉస్మాన్ అనేవారు, అక్కడ ఒక పరీక్ష జరిపారు. ఫలితాలు 2017లో అచ్చయ్యాయి.

చీట్లు తీసినట్టుగా కొందరు నేతగాళ్ళని ఎంచి వాళ్ళకి ఎగుమతి ఆర్డర్లు అందే ఏర్పాటు చేశారు. మిగిలినవాళ్ళని వాళ్ళ మానాన వదిలేశారు. చీట్లెందుకంటారా? సంగీతం పోటీలకి వెళ్ళే పిల్లలు బాగా పాడుతున్నారనుకోండి. పోటీల వల్ల బాగుపడ్డారా, బాగా పాడే పిల్లలే పోటీలకి వెళ్ళారా? ఊరికే చూసి చెప్పలేం. ఎగుమతి చేసేవాళ్ళు సమర్థులు అన్న మాటలోనూ ఇదే మెలిక ఉంది. చీట్లు తీస్తే ఆ అనుమానం తీరిపోతుంది.

ఆర్డర్లు సంపాదించడం తేలికేమీ కాలేదు. మధ్యవర్తి నమూనాలు పంపి, కొనేవాళ్ళని వెతికి పట్టుకోవలసి వచ్చింది. తీరా ఆర్డర్లు వచ్చాక ఎగుమతి అవకాశం దొరికినవాళ్ళ లాభం మిగతావాళ్ళ కన్నా నూటికి 16 నుంచి 26 వంతులు ఎక్కువగా తేలింది. విచిత్రమేమిటంటే, గంటకి నేసే కొలత మాత్రం తగ్గింది! పైదేశం వాళ్ళకి నేత గట్టిగా ఉండాలి, అంచు తిన్నగా ఉండాలి, మూల మూలకి సరిపోవాలి. అంత శ్రద్ధ పెడితే చెయ్యి నెమ్మదిస్తుంది కదండీ. కొలత ఒక్కటే చూసేవాళ్ళు "వీళ్ళు వెనకబడ్డారు" అనేస్తారు. నాణ్యాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే వాళ్ళు ముందుకు వెళ్ళినట్టే తేలింది.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాత జరిగినది. రెండు జట్ల వాళ్ళనీ పిలిచి, అందరికీ ఒకే రకం మగ్గం, ఒకే నూలు ఇచ్చి, స్వదేశంలో అమ్మే మామూలు తివాచీనే నెయ్యమన్నారు. ఎగుమతికి నేసినవాళ్ళ తివాచీలు మేలుగా వచ్చాయి, సమయమూ ఎక్కువ పట్టలేదు. అంటే పనితనం చేతికి పట్టుబడిందన్నమాట.

వాళ్ళెవరూ కొత్త మిషన్లు కొనలేదు. మధ్యవర్తి తివాచీ పరిచి, తప్పు ఇదిగో ఇక్కడుంది అని వేలుపెట్టి చూపించాడు. ఏ విషయం గురించి మాట్లాడుకున్నారో ఆ విషయంలోనే పని మెరుగుపడింది. మీ సున్నిపిండో కారప్పొడో అమెరికాలోని బంధువులకి పంపితే "బాగుందండీ" అని ఊరుకుంటారు. ఆ మాటతో మనం నేర్చుకునేదేముంది? "మూడో వారానికి ముద్ద కట్టింది" అంటే కదా, మరోసారి వేయించాలనో, డబ్బా మార్చాలనో తోచేది!

మరి ఎగుమతి ఉన్నచోటల్లా ఇలాగే జరుగుతుందా? మన నరసాపురం చూడండి. క్రోషా సూదితో ఆ ప్రాంతపు స్త్రీలు అల్లే లేసు తరాలుగా పైదేశాలకి వెళుతోంది. మరియా మీస్ అనే జర్మన్ సమాజ శాస్త్రవేత్త ఆ స్త్రీల మీద 1982లో ఒక పుస్తకమే ప్రచురించారు. వ్యాపారులు సంపన్నులవుతున్నా అల్లేవాళ్ళకి దక్కేది అతి స్వల్పమనీ, ఇంటి ఇల్లాలు తీరిక వేళల్లో చేసే కాలక్షేపంగా వాళ్ళ పనిని కొట్టిపారేస్తున్నారనీ చూపించారు. పువ్వులు అల్లేది ఒకరు, అతుకుపని చేసేది మరొకరు. పూర్తయిన టేబుల్ గుడ్డ ఎలా ఉందో, ఎంతకి అమ్ముడయిందో, కొన్నవాళ్ళు ఏ తప్పు పట్టారో పువ్వు అల్లిన చేతికి తెలిసేదెలా? 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. ఆ గుర్తింపు సరుకు పేరుని కాపాడుతుంది గాని, ముక్కకి ఇంతని రేటు కట్టదు.

ఫువాలో మనిషి తన తివాచీని తనే అమ్ముకున్నాడు. మేలైన పనికి మేలైన ధర వచ్చింది. ముక్క లెక్కన కూలి తీసుకునే ఆవిడ సంగతి వేరు. మాటవరసకి, ముక్కకి 5 రూపాయల చొప్పున రోజుకి 10 ముక్కలు చేస్తే 50 రూపాయలు. ఎగుమతి సరుకండీ, నాజూగ్గా ఉండాలంటారు. అప్పుడు 7 ముక్కలే అవుతాయి. రేటు మారకపోతే చేతికి వచ్చేది 35 రూపాయలు. పని మెరుగైంది, రాబడి తగ్గింది! పాత రాబడి నిలవాలన్నా ముక్కకి 7 రూపాయల పైన పడాలి. నచ్చలేదని తిప్పికొట్టిన ముక్కల నష్టం ఎవరిదన్నది మళ్ళీ వేరే లెక్క.

అందుకని మీలో ఎవరైనా ఫాల్సు కుట్టడమో, అద్దకమో, అల్లికలో చేస్తూ ఉండి, ఏజెంటు పైదేశం ఆర్డరు తెచ్చాడంటే వెంటనే ఒప్పేసుకోకండి. నమూనా ఒకటి దగ్గర పెట్టుకోండి. ఏ తప్పుంటే తిప్పి పంపుతారో వివరంగా చెప్పించుకోండి. ఆపైన గడియారం చూసుకుంటూ రెండు ముక్కలు చెయ్యండి. రేటు మాట ఆ తర్వాతే ఎత్తండి.