ఉగాదికి దేశమంతా సెలవు... మన దేశంలో కాదు!

మీ జేబులోని నోటు తీసి వెనక్కి తిప్పండి. పక్కనున్న చిన్న పట్టీలో 15 భాషలుంటాయి. హిందీ, ఇంగ్లిష్ కలిపితే 17. పట్టీలో తెలుగుది చివరి నుంచి రెండో స్థానం. భాషల పేర్లను ఇంగ్లిష్ అక్షరక్రమంలో పేర్చారు కాబట్టి ఎవరు ముందు, ఎవరు వెనక అన్న పేచీకి తావు లేదు.

మారిషస్‌లో ఆ పేచీ వచ్చింది. అక్కడి నోట్ల మీద ఇంగ్లిష్, తమిళం, హిందీ వరుసగా ఉంటాయి. 1998లో అచ్చయిన కొత్త నోట్లలో తమిళం కంటే హిందీ ముందుకొచ్చింది. తమిళులు భగ్గుమన్నారు. ప్రభుత్వం ఆ నోట్లను వెనక్కి తీసుకుని, పాత వరుసలోనే మళ్లీ అచ్చు వేయించింది. ఒక్క వరుస అటూ ఇటూ అయినందుకు ఇంత ఖర్చా అని కొందరికి అనిపించవచ్చు. చిన్న వర్గం మనసు నొచ్చుకుంటే సర్కారు తన నోటునే దిద్దుకోవడం నాకు చాలా గొప్పగా కనిపిస్తుంది.

ఆ దేశంతో మనకూ చుట్టరికం ఉంది. 19వ శతాబ్దంలో చెరకు తోటల్లో పనికి వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవులో ఓడెక్కినవాళ్లకు ఆ రేవు పేరే స్థిరపడింది. అక్కడి జనాభాలో వాళ్ల వాటా చాలా చిన్నది. అయినా ఉగాదికి దేశమంతటా సెలవే! మన దేశంలో ఆ సెలవు కొన్ని రాష్ట్రాలకే పరిమితం. తైపూసం కావడి, శివరాత్రి, చైనీయుల కొత్త సంవత్సరం, రంజాన్, వినాయక చవితి, దీపావళి, క్రిస్మస్ అన్నీ ఆ క్యాలెండర్‌లోనే ఉన్నాయి. బానిసత్వం రద్దయిన రోజు ఫిబ్రవరి 1, ఒప్పంద కూలీల రాకను తలచుకునే నవంబర్ 2 కూడా సెలవులే.

మారిషస్‌లో ఇంకో వింత, ఓడినవాళ్లకూ సీట్లివ్వడం. పార్లమెంటు ఎన్నికల్లో 62 మంది గెలుస్తారు. ఏ వర్గానికైనా తగినన్ని సీట్లు రాకపోతే, ఓడినవాళ్లలో మెరుగ్గా ఓట్లు తెచ్చుకున్నవారికి 8 వరకు సీట్లు కేటాయిస్తారు. లోపం ఒకటుంది. ఈ లెక్కకు ఆధారం ఇప్పటికీ 1972 జనగణనే.

సింగపూర్ పద్ధతి ఇంటి గుమ్మం దాకా వస్తుంది. అక్కడ పదిమందిలో ఎనిమిది మంది దాకా ప్రభుత్వం కట్టిన ఫ్లాట్లలోనే ఉంటారు. 1964లో మలయ్‌లకు, చైనీయులకు మధ్య నెత్తురు పారింది. మళ్లీ వాడలు విడిపోకూడదని 1989లో పరిమితి పెట్టారు. ఒక బ్లాకులో చైనీయుల ఇళ్లు 87 శాతం, మలయ్‌ల ఇళ్లు 25 శాతం దాటకూడదు. భారతీయులకూ వేరే పరిమితి ఉంది. దీనివల్ల పిల్లలు ఒకే లిఫ్టులో, ఒకే మెట్ల మీద పెరుగుతారు. నష్టపోయేవాళ్లూ ఉన్నారు. చైనీయుల పరిమితి నిండిన బ్లాకులో భారతీయ కుటుంబం ఫ్లాటు అమ్మాలంటే కొనేవాళ్లు తక్కువ, ధరా తగ్గుతుంది. ఆ భారం చిన్న వర్గాల మీదే ఎక్కువ పడటం న్యాయం కాదు.

భాషల విషయంలో మొదటి స్థానం పపువా న్యూగినీది. అక్కడ 800కు పైగా భాషలున్నాయి. బొలీవియా 2009 రాజ్యాంగం స్పానిష్‌తో పాటు 36 ఆదివాసీ భాషలను అధికార భాషలు చేసింది. దక్షిణాఫ్రికా జాతీయగీతం ఒక్కటే, అందులో భాషలు ఐదు.

లెబనాన్ గురించి కూడా చెప్పాలి. అక్కడ గుర్తింపు పొందిన మత వర్గాలు 18. అధ్యక్షుడు మారొనైట్ క్రైస్తవుడు, ప్రధాని సున్నీ, స్పీకర్ షియా కావాలని 1943 నుంచి ఒప్పందం. చివరి జనగణన 1932లో! కొత్తగా లెక్కపెడితే వాటాలు కదులుతాయని భయం. వాటాలను అలా గడ్డకట్టించడం మంచి మార్గం కాదని ఆ దేశం పడ్డ పాట్లే చెబుతున్నాయి.

బహుళ సంస్కృతుల విధానం అనగానే చాలామంది 1971లో కెనడా చేసిన ప్రకటననే తలుస్తారు. కానీ ఇండోనేషియా రాజముద్రలో గరుడపక్షి కాళ్ల కింద ఉన్న ‘భిన్నేక తుంగల్ ఇక’ అన్న మాట 14వ శతాబ్దపు జావా కావ్యంలోది. వేరువేరైనా ఒక్కటే అని దాని భావం. ప్రపంచంలో ముస్లింలు అత్యధికంగా ఉన్న దేశాల్లో ముందు వరుసలో ఉన్నా, ఇండోనేషియాకు అధికార మతం లేదు. బాలి హిందువులు శక సంవత్సరాది నాడు పాటించే మౌనదినం ‘న్యెపి’ జాతీయ సెలవు. మన పంచాంగంలో వాడేదీ ఆ శకమే. ఆ రోజు బాలి విమానాశ్రయం 24 గంటలు మూసేస్తారు.

జకార్తాలోని ఇస్తిక్లాల్ మసీదు ఆగ్నేయాసియాలోనే పెద్దది. దాన్ని రూపొందించిన ఫ్రెడరిక్ సిలబన్ ప్రొటెస్టెంట్ క్రైస్తవుడు. ఎదురుగానే కేథలిక్ కేథడ్రల్, రెంటినీ కలుపుతూ రోడ్డు కింద ఒక సొరంగ మార్గం. క్రిస్మస్‌కు చర్చికి వచ్చేవాళ్ల కార్లు మసీదు ఆవరణలోనే ఆగుతాయి.