55.82 ఏ పేరాలో ఉంది?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో పొద్దున్నే పేపరు తిరగేసేవాళ్లకు దీప్తి జీవాంజి పేరు గుర్తుండే ఉంటుంది. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి. పేదరికం, ఊళ్లో ఎగతాళి... ఇవన్నీ మనం గుక్కతిప్పుకోకుండా చెప్పేస్తాం. 2024 సెప్టెంబర్ 3న పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లు ఎన్ని సెకన్లలో పరుగెత్తి కాంస్యం తెచ్చిందో అడిగితే మాత్రం నీళ్లు నములుతాం. చాలా వార్తల్లో ఆ అంకె కష్టాలన్నీ అయిపోయాక, ఆఖర్న వచ్చింది మరి.

అది 55.82 సెకన్లు. గంటకు దాదాపు 26 కిలోమీటర్లు, అంటే బజారులో మనం స్కూటీ నడిపే వేగం.

ఆమె పోటీపడింది టీ20 విభాగంలో. క్రికెట్‌తో సంబంధం లేదు: 'టీ' అంటే ట్రాక్, 20 అంటే మేధో వైకల్యం. కాళ్లు బాగానే ఉన్నాయిగా అని అనుమానం రావచ్చు. ఎక్కడ బలం దాచుకోవాలి, ఎక్కడ వేగం పెంచాలి అన్న లెక్క పరుగు మధ్యలో వేసుకోవడమే వీళ్లకు కష్టం.

అసలు కథ ఇక్కడుంది. అదే ఏడాది మేలో జపాన్‌లోని కోబెలో దీప్తి 55.07తో ప్రపంచ రికార్డు కొట్టింది. పారిస్‌లో స్వర్ణం గెలిచిన ఉక్రెయిన్ అమ్మాయి యూలియా షూలియార్ సమయం 55.16. అంటే మేలో పరుగెత్తినట్టే పరుగెత్తితే స్వర్ణం మనదే! ఫైనల్లో ఇద్దరి మధ్య తేడా 0.66 సెకను, సుమారు 15 అడుగులు. మే నాటి సమయంతో పోలిస్తే ముప్పావు సెకను ఎక్కడ జారిపోయింది? క్రికెటర్‌ని ఈ ప్రశ్న వదలకుండా అడుగుతాం. దీప్తిని అడగం, జాలిపడి ఊరుకుంటాం. ఆ జాలి గౌరవం కాదు.

కష్టాలు రాయొద్దా? రాయాలి, సమయం చెప్పాక.

పారాలింపిక్స్‌లో పతకాలు తేలికేమో అన్నది ఇంకో సందేహం. పోటీలు ఎక్కువన్నది నిజమే: పారిస్ ఒలింపిక్స్‌లో 329 స్వర్ణాలకు పోటీ జరిగితే, పారాలింపిక్స్‌లో 549కి. ఒకటిన్నర రెట్ల పైచిలుకు. మన పతకాలు మాత్రం 6 నుంచి 29కి, దాదాపు ఐదింతలయ్యాయి. అదీ ఒలింపిక్స్‌కు వెళ్లిన 117 మందికి బదులు 84 మంది క్రీడాకారులతోనే.

ఈసారి జిల్లా పేజీలో పారా క్రీడాకారుల వార్త కనబడితే విభాగం, సమయం లేదా దూరం, ప్రత్యర్థి పేరు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే మీ ఊరి విలేకరికి ఒక ఫోన్ కొట్టి అడగండి.