గడియ పడితేనే చక్రం నిలుస్తుంది

విమానం పైకి లేవగానే చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి, దిగేముందు బయటికి వస్తాయి. రిమోట్‌తో ఎగిరే నమూనా విమానానికీ ఈ ఏర్పాటు ఉంటుంది. హైస్కూలు పిల్లలతో దీన్ని బిగించేటప్పుడు మేం పాటించే క్రమం ఇది.

ముందు ప్రొపెల్లర్ విప్పేస్తాం. చక్రాలు బల్లకు తగలకుండా విమానాన్ని స్టాండుపై ఉంచుతాం. స్విచ్ వేస్తే సర్వో మోటారు 180 డిగ్రీలు తిరిగి, సన్నటి కడ్డీతో చక్రం కాలును లాగుతుంది. ఇక్కడే లెక్కల పాఠం ఉంది. అర చుట్టు తిరిగితే కడ్డీ జరిగే దూరం వృత్త వ్యాసమంత. సర్వో చేతిపై కడ్డీ తగిలించిన రంధ్రం కేంద్రానికి 10 మి.మీ. దూరంలో ఉంటే కడ్డీ 20 మి.మీ. జరుగుతుంది.

కాలు పూర్తిగా ముడుచుకున్నా, పూర్తిగా తెరుచుకున్నా గడియ పడాలి. గడియ వేసిన తలుపును చేత్తో పట్టుకోనక్కర్లేదు కదా! విమానం నేలను తాకినప్పుడు ఆ దెబ్బను కాచుకోవాల్సింది గడియే, సర్వో కాదు.

కడ్డీ పొడవు కుదరకపోతే గడియ పడదు. లేదా సర్వో ఇంకా తోస్తూ గుయ్‌మంటుంది, బ్యాటరీని తాగేస్తుంది. రిసీవరుకూ అదే బ్యాటరీ అయితే విమానం అదుపు తప్పవచ్చు. అందుకే కడ్డీ కొనను కొంచెం కొంచెం తిప్పి, మోత ఆగేదాకా సరిచేస్తాం. తర్వాత చక్రాన్ని వేలితో నొక్కి చూస్తాం. కాలు మడతపడకూడదు. పదిసార్లు ముడిచి తెరిచాకే మైదానానికి తీసుకెళ్తాం.

తల్లిదండ్రులు ఇంట్లో ఒక్క ప్రశ్న వేయండి: ‘దిగేటప్పుడు బరువు దేనిమీద పడుతుంది?’ ‘గడియ మీద’ అని చెప్పి, ఎందుకో కూడా తమ మాటల్లో వివరిస్తే పాఠం వంటబట్టినట్టే.