పైలట్ కంట్లో మిగిలిన ముక్క

1940 ఆగస్టులో బ్రిటన్ ఆకాశంలో జరిగిన పోరులో గోర్డన్ క్లీవర్ అనే పైలట్ నడుపుతున్న హరికేన్ విమానానికి తూటాలు తగిలాయి. తలపైని పారదర్శకమైన కప్పు బద్దలై ఆ పెంకులు రెండు కళ్లలోకీ దిగాయి. వైద్యం చేసినవారిలో కంటి వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ ఒకరు. కంట్లో పరాయి వస్తువు పడితే మామూలుగా ఎర్రబడి వాస్తుంది. ఈ పెర్‌స్పెక్స్ ప్లాస్టిక్ ముక్కలు మాత్రం ఏళ్ల తరబడి ఉన్నచోటే ఉన్నాయి, కన్ను వాటిని తిప్పికొట్టలేదు.

అప్పట్లో శుక్లం తీయడమంటే కంటి లెన్సునే తీసెయ్యడం. ఆ లోటు తీర్చేవి సోడాబుడ్డి కళ్లద్దాలు. వాటిలోంచి ఎదుటి మనిషి దాదాపు పావు వంతు పెద్దగా కనిపిస్తాడు, పక్కచూపు కుంచించుకుపోతుంది. తీసిన లెన్సు బదులు మరొకటి పెట్టరేమని ఒక వైద్య విద్యార్థి అడిగాడట. రిడ్లీకి పెర్‌స్పెక్స్ గుర్తొచ్చింది. రేనర్ కంపెనీ తయారుచేసిన లెన్సును 1949 నవంబరు 29న లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఒక మహిళ కంట్లో అమర్చారు.

కన్ను లెన్సును ఒప్పుకుంది గానీ, పవర్ లెక్క తప్పింది. ఆమెకు దూరం చూడాలంటే బలమైన మైనస్ అద్దాలు కావలసివచ్చాయి. పేరున్న తోటి వైద్యులే రిడ్లీ పద్ధతిని ఏళ్లపాటు వ్యతిరేకించారు. తర్వాతి తరాలు లెన్సు ఆకారాన్నీ, అమర్చే చోటునూ సరిదిద్దుకుంటూ వచ్చాయి. 1967లో చార్లెస్ కెల్మన్ శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో పొడి చేసి పీల్చే 'ఫేకో' పద్ధతి తెచ్చారు. మడత లెన్సులు రావడంతో మూడు మిల్లీమీటర్లలోపు కోత సరిపోతోంది. మదురైలోని ఆరోల్యాబ్ 1992 నుంచి లెన్సులు చౌకగా తయారుచేయడం మన దేశంలోని పేదలకు పెద్ద మేలు.

ఇక నేటి శుక్లం ఆపరేషన్ సంగతి. దాని గురించి భయపడేవారు తరచూ అంతకుముందు కంటి కొలతలు తీసే పరీక్షను తేలిగ్గా తీసుకుంటారు. నా దృష్టిలో అసలు కీలకం అదే. కంటి పొడవు కొలతలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే పవర్ రెండున్నర డయాప్టర్లకు పైగా మారిపోతుంది. కాబట్టి గడ్డం కొలిచే మెషీన్ మీద ఆనించినప్పుడు కదలకుండా, చెప్పినచోటే చూడండి. మామూలు లెన్సు ఒకే దూరానికి పనిచేస్తుంది. దూరం స్పష్టంగా కావాలంటే చదువుకు అద్దాలు తప్పవు. మల్టీఫోకల్ లెన్సుతో ఆ అవసరం తగ్గుతుంది, కానీ రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనబడవచ్చు. సిలిండర్ పవర్ ఉంటే టోరిక్ లెన్సు. ఖరీదైనదే మేలైనదనుకోవద్దు. కుట్టుపని చేస్తారో, రాత్రిళ్లు బండి నడుపుతారో డాక్టరుకు చెప్పండి.

సాధారణంగా చుక్కల మందుతోనే మత్తిస్తారు. మెలకువలోనే ఉంటారు, వెలుగు కనిపిస్తుంది, చాలావరకు అరగంటలోపే పూర్తవుతుంది. పసుపుబారిన పాత లెన్సు పోవడంతో నీలం రంగు కొత్తగా మెరుస్తుంది. కొన్ని వారాలు చుక్కలు వేసుకోవాలి. కన్ను రుద్దకూడదు. కొత్త అద్దాలకు నెల పైనే ఆగాలి. కొన్నేళ్లకు 'పొర మళ్లీ వచ్చింది' అనిపించవచ్చు. అది శుక్లం కాదు, లెన్సు వెనక సంచి మసకబారడం, లేజర్‌తో నిమిషాల్లో సరిచేస్తారు. ఆపరేషన్ తర్వాత నొప్పి, ఎరుపు పెరుగుతున్నా చూపు తగ్గుతున్నా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.