ఐ.పి. వేయదలచిన రైతు - వకీలు ఎంపిక

మన పల్లెలలో "ఐ.పి. పెట్టినాడు" అనుమాట తిట్టుగానే చెల్లుచున్నది. చీటీలు కట్టించుకొని ఊరు విడిచిపోయినవారు తెచ్చిపెట్టిన చెడ్డపేరది. కాని దాని వెనుకనున్న 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టము, నిజముగా చితికిపోయి అప్పు తీర్చలేని మనిషి కొరకు చేసినది. 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చినను, వ్యక్తులకు సంబంధించిన భాగమును 2019 డిసెంబరు 1 నుండి కంపెనీల అప్పులకు హామీపడినవారి వరకే అమలులోనికి తెచ్చినారు. కనుక రైతు దరఖాస్తు పాత చట్టము క్రిందనే, సాధారణముగా సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో దాఖలు కావలెను. అప్పు 500 రూపాయలున్న చాలునని అందులో వ్రాసియున్నది. అంతపాటి అప్పు లేని రైతు నేడెక్కడ!

ఒక మిరప రైతును తలచుకొందము. నాలుగెకరములు సొంతము, ఆరెకరములు కౌలు. రెండేండ్లు వరుసగా తామరపురుగు పంటను తినివేసినది. పొలము తాకట్టుపై బ్యాంకు అప్పు, కమీషను వర్తకుని వద్ద ప్రాంసరీ నోట్లు, ఊరిలో చేబదుళ్లు ఉన్నవి. జప్తు నోటీసు చేతబట్టుకొని కోర్టుకు పోగా, చెట్టుక్రింద ఒక పెద్దమనిషి ఎదురై, "ముందు పొలం బావమరిది పేర రాసెయ్యి. తరువాత ఐ.పి. వేయిద్దాం, మా వకీలుగారున్నారు" అనును.

ఆ కుటుంబము నిలుచునో కూలునో తేలునది ఇక్కడనే. ఆస్తి వ్రాసియిచ్చిన రెండేండ్లలోపల దరఖాస్తు పడి, కోర్టు దివాలాదారుగా ప్రకటించినచో, రిసీవరు ఆ దస్తావేజును కొట్టివేయించగలడు. సద్బుద్ధితో తగిన విలువనిచ్చి కొన్నవాని సంగతి వేరు. దరఖాస్తుకు ముందు మూడు నెలలలో, తక్కినవారిని కాదని ఒక్క ఋణదాతకే మేలు చేయవలెనని చెల్లించినదియు నిలువదు. ఆస్తిని మోసముతో దాచినచో ఏడాది వరకు జైలుశిక్ష కలదు. అట్టి సలహా ఇచ్చినవాడు ఎంత పేరున్నవాడైనను వెంటనే లేచి రండు. న్యాయవాదులు దళారులను పెట్టి కేసులు రాబట్టుకొనుట బార్ కౌన్సిల్ నియమములకే విరుద్ధము.

మంచి వకీలు మొదట కాగితములు అడుగును. నోట్లు, బ్యాంకు పాసుపుస్తకము, పట్టాదారు పాసుపుస్తకము, అడంగలు, ఈ.సి., ఎవరికెంత బాకీయో పేరుపేరున జాబితా, అన్నియు కావలెననును. గ్రామాధికారులు ఈ నకళ్లు ఆలస్యము లేకుండ ఇప్పించినచో అదియే పెద్ద ఉపకారము.

పిదప ఆయన మీకు రుచించని మాటలు కొన్ని చెప్పవలెను. పొలము తాకట్టు పెట్టుకొన్న బ్యాంకు హక్కు ఐ.పి.తో పోదు. ప్రభుత్వమునకు చెల్లవలసిన బాకీ విముక్తి తరువాత కూడ రద్దుకాదు. మీకు జామీనున్న అన్నగారిని ఋణదాత పట్టుకొనవచ్చును. "ఒక్క సంతకముతో అన్నియు మాఫీ" అనువానికంటె ఇవి చెప్పువాడే మేలు. అప్పులో పెద్దభాగము తాకట్టుదే అయినచో, ఐ.పి. వద్దని, బ్యాంకుతో ఒకేసారి పరిష్కారమునకు గాని లోక్ అదాలత్‌కు గాని పొమ్మనవచ్చును. ఫీజు పోయినను సరేయని అట్లు చెప్పినవానిని నమ్మవచ్చును. వ్యవసాయదారుని పనిముట్లు, దున్నుటకు కావలసిన పశువులు, విత్తనములు, నివాసపు ఇల్లు సాధారణముగా జప్తుకు లోబడవు; వానిని దరఖాస్తులో ఎట్లు చూపునో అడుగుడు.

ఇంకొకటి తప్పక అడుగవలెను: "విముక్తి దరఖాస్తు కూడ మీరే వేయుదురా?" దివాలాదారుగా ప్రకటించునపుడు కోర్టు దానికొక గడువు పెట్టును. ఆ గడువు దాటినచో ప్రకటన రద్దగును, ఋణదాతలు మరల తలుపు తట్టుదురు. అనేకులు మొదటి ఉత్తరువుతోనే పని అయినదనుకొని ఇంటికి పోవుదురు. కనుక ఫీజు ఎంతవరకు వర్తించునో, స్టాంపు, నోటీసు ఖర్చులు వేరా, కలిపియా, ముందే కాగితముపై వ్రాయించుకొనుడు. ఫలితమును బట్టి వాటా అను ఒప్పందము న్యాయవాదికి నిషిద్ధము. ఖాళీ కాగితములపై సంతకము చేయకుడు. వకాలతు నకలు, చెల్లింపు రశీదులు ఇంట నుంచుకొనుడు.

ఫీజు శక్తి లేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు గాని మండల న్యాయసేవా కమిటీకి గాని దరఖాస్తు చేసికొనవచ్చును. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ 1987 చట్టము ఉచిత వకీలును పొందు హక్కునిచ్చినది. 15100 నంబరుకు ఫోను చేసినను వివరములు చెప్పుదురు.