బేస్‌బాల్ వెళ్లిపోయింది.. క్రికెట్ దిగింది!

2024 జూన్ 6. మన ఎన్నికల ఫలితాలొచ్చి రెండ్రోజులే అయింది. ఏలూరులో ఏ టీ కొట్టు దగ్గర చూసినా అదే చర్చ. ఆ రాత్రి 9 గంటలకు మొదలైన అమెరికా-పాకిస్తాన్ టీ20 వరల్డ్ కప్ మ్యాచ్‌ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. తెల్లారి ఫోన్ తెరిస్తే పాకిస్తాన్ సూపర్ ఓవర్‌లో ఓడిపోయింది! ఆ సూపర్ ఓవర్ వేసింది ఒరాకిల్‌లో పనిచేసే సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ సౌరభ్ నేత్రావల్కర్. (మా ఆఫీస్ గ్రూపుల్లో ఆ వారమంతా అతనే హీరో.)

ఇంకో విశేషం ఏంటంటే, ఆ మ్యాచ్ జరిగింది ఒకప్పటి బేస్‌బాల్ స్టేడియంలో.

డాలస్‌కీ ఫోర్ట్‌వర్త్‌కీ మధ్యలో గ్రాండ్ ప్రేరీ అనే ఊరుంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే అర్వింగ్ పక్కనే. తాడేపల్లిగూడెం నిట్‌లో చదివి ఎంఎస్‌కి వెళ్లిన మా బ్యాచ్ వాళ్లలో ముగ్గురు ఆ చుట్టుపక్కలే ఉంటున్నారు. అక్కడ గుర్రప్పందేల మైదానం పక్కన 2008లో ఈ స్టేడియం మొదలైంది. అప్పటి పేరు క్విక్‌ట్రిప్ పార్క్. స్టేడియం నగరానిది, ఆడే టీమ్ ఎయిర్‌హాగ్స్. పెద్ద లీగ్ కాదు, చిన్న ఇండిపెండెంట్ లీగ్. 2011లో వాళ్లు చాంపియన్లయ్యారు. తర్వాత ఒక దశలో చైనా ఆటగాళ్లను తెచ్చి టీమ్‌లో ఆడించారు కూడా. అయినా లాభం లేకపోయింది. 2020లో టీమ్ మూతపడింది, స్టేడియం ఖాళీ అయింది.

దాన్ని అమెరికా క్రికెట్ నిర్వాహకులు లీజుకి తీసుకుని దాదాపు 2 కోట్ల డాలర్లు పెట్టి మార్చారు. గడ్డి కత్తిరించి వికెట్లు పాతేస్తే అయిపోయే పని కాదిది. బేస్‌బాల్ గ్రౌండ్ పిజ్జా ముక్కలా ఉంటుంది. బ్యాటర్ ఆ ముక్క కొనలో నిలబడతాడు. రెండు గీతల మధ్య, అంటే 90 డిగ్రీల లోపలే కొట్టాలి. బయటికెళ్తే ఫౌల్. అందుకే ప్రేక్షకుల సీట్లు బ్యాటర్ వెనకాలే దగ్గరగా కడతారు. క్రికెట్‌లో బంతి ఎటైనా వెళ్తుంది, పిచ్ నట్టనడుమ ఉండాలి. బేస్‌బాల్‌లో బంతి నేల మీద పడకుండానే బ్యాటర్‌ని చేరుతుంది కాబట్టి పిచ్ అన్న గొడవే లేదు. విసిరేవాడికి ఒక మట్టి దిబ్బ చాలు. మనకేమో ఆట సగం ఆ 22 గజాల మట్టిలోనే ఉంటుంది. అదే వరల్డ్ కప్‌లో న్యూయార్క్ పిచ్ మీద పరుగులు రాక బ్యాటర్లు పడిన తిప్పలు గుర్తున్నాయిగా? గ్రాండ్ ప్రేరీలో మాత్రం తొలి మ్యాచ్‌లోనే కెనడా 194 కొడితే, అమెరికా దాన్ని ఛేదించేసింది. ఆరోన్ జోన్స్ ఒక్కడే 40 బంతుల్లో 94 నాటౌట్!

అంతకు ముందు ఏడాది, 2023 జూలై 13న, మేజర్ లీగ్ క్రికెట్ తొలి మ్యాచ్ ఇక్కడే జరిగింది. సీట్లు దాదాపు 7,000. చెపాక్‌తోనో ఉప్పల్‌తోనో పోలిస్తే బుల్లి గ్రౌండే. వరల్డ్ కప్ కోసం తాత్కాలిక స్టాండ్స్ వేసి పెంచారు. లోకల్ టీమ్ టెక్సాస్ సూపర్ కింగ్స్. పేరు చూస్తేనే మనవాడని తెలిసిపోయే సాయితేజ ముక్కామల ఇందులో ఆడాడు. సియాటిల్ టీమ్‌లో పెట్టుబడి పెట్టినవాళ్లలో మన హైదరాబాదీ సత్య నాదెళ్ల ఉన్నారు. తొలి సీజన్ ఫైనల్లో ఆ సియాటిల్‌ మీదే నికొలస్ పూరన్ 55 బంతుల్లో 137 బాదాడు.

బేస్‌బాల్ మైదానాల్లో క్రికెట్ కొత్తేం కాదు. 2015లో సచిన్, వార్న్ టీములు మూడు పెద్ద బేస్‌బాల్ స్టేడియాల్లో ఆడాయి. అయితే అది వచ్చి వెళ్లిపోయే షో. గ్రాండ్ ప్రేరీలో క్రికెట్ కాపురం పెట్టింది, నాకు నచ్చిందీ అదే. స్టేడియం నగరానిది కాబట్టి, ఒక ఆట పోయినా ఇంకో ఆటకి ఇవ్వగలిగారు.

డాలస్‌లో బంధువులుండి వెళ్లే ఆలోచనుంటే ఒక మాట. లీగ్ జరిగే జూలైలో అక్కడి ఎండ మన మే నెల ఎండకి తీసిపోదు. సాయంత్రం మ్యాచ్‌కే టికెట్ తీసుకోండి.

ఇప్పుడు ఓక్లండ్‌ది కూడా దాదాపు ఇదే కథ. అక్కడి పెద్ద బేస్‌బాల్ టీమ్ 2024లో ఊరు వదిలేసింది. 2025 జూన్‌లో అదే స్టేడియంలో క్రికెట్ లీగ్ మొదలైంది, మొదటి రాత్రే ఫిన్ అలెన్ 19 సిక్సులు కొట్టాడు.